గ్రామకంఠం ఉంది, గ్రామం లేదు

శుక్రవారం, విజయనగరం

విజయనగరంలో కంటోన్మెంట్ అని ఆటో ఎక్కితే ఎక్కడ దించాలో ఎవరినీ అడగక్కర్లేదు. అక్కడ దండు ఉన్న రోజుల్లో ఎవరెవరు బతికారని అడిగితే మాత్రం ఆటో అబ్బాయి అద్దంలోంచి ఎగాదిగా చూశాడు. 19వ శతాబ్దంలో మద్రాసు సైన్యం సిపాయిలకి ఇక్కడ మకాం ఉండేది. సిపాయి ఒక్కడే రాడు కదా. వెనక పెళ్లాం పిల్లలు, వాళ్ల వెనక చాకలి, మంగలి, దర్జీ, పాలవాడు, అప్పులిచ్చే షావుకారు. రెజిమెంటు మారినప్పుడు కొందరు మూటాముల్లే సర్దుకుని వెంట వెళ్లేవారు, కొందరు ఇక్కడే ఉండిపోయేవారు. సిపాయి పేరు, జీతం, పింఛను సైన్యం కాగితాల్లోకి ఎక్కేవి. వెంటొచ్చిన బజారు జనాన్ని రాసుకునే పని ఎవరికీ పడలేదు.

దండు మారమ్మ గుడి దగ్గర పూలమ్మే ఆమెని కదిపాను. "దండోలు పెట్టుకున్న అమ్మోరు. వోలు ఎల్లిపోనారు, అమ్మోరు ఉండిపోనాది" అంది, దండకి ముడి వేస్తూ. ఆ రోజుకి నాకు దక్కింది ఆ ఒక్క మాటే. అయినా తక్కువేం కాదు.

నేను వెతుకుతున్నది ఇలాంటి జనాన్నే. 1757 బొబ్బిలి యుద్ధానికి స్తంభం ఉంది, బుర్రకథ ఉంది. 1794 జూలై 10న పద్మనాభం దగ్గర యుద్ధంలో ఏం జరిగిందో పుస్తకాల్లో ఉంది. రాజు పుట్టని, యుద్ధం జరగని, శాసనం దొరకని పాతిక ముప్పై గడపల ఊరు ఎలా మాయమవుతుంది? మాయమయ్యాక ఎక్కడ తేలుతుంది? ఈ పిచ్చి నాకు అంటించింది శ్రీకాకుళంలో ఉన్న మా మావయ్య.

మధ్యాహ్నం పాసింజరులో కూర్చున్నాను. నెల్లిమర్ల, చీపురుపల్లి, పొందూరు, దూసి. పొందూరులో ఎక్కిన ఒక పెద్దాయన తన ఖద్దరు పంచె నూలు గురించి ఆమదాలవలస దాకా చెబుతూనే ఉన్నాడు, వాలుగ చేప దవడ ఎముకతో పత్తి ఎలా దువ్వుతారో చేత్తో చేసి మరీ చూపించాడు. రైలు 1890ల్లో ఈ దారిన వచ్చింది గానీ శ్రీకాకుళం పట్టణంలోకి రాలేదు. అందుకే ఆమదాలవలసలో ఉన్న స్టేషన్‌ని ఈనాటికీ శ్రీకాకుళం రోడ్ అంటున్నాం. రైలు అలా పక్కనించి పోవడం ఎవరి కొంప ముంచిందో కళింగపట్నంలో మాట్లాడుకోవచ్చు.

శనివారం, శ్రీకాకుళం

మావయ్య సర్వే శాఖలో చేరిన నాటికి ఇంకా గొలుసుతోనే కొలిచేవారు. 66 అడుగుల గొలుసు, వంద లింకులు. రిటైరై చాలా ఏళ్లయినా పొలం గట్టు మీద నడిస్తే అడుగులు లెక్కపెట్టుకుంటూనే నడుస్తారు. పొద్దున్నే కాఫీ అయ్యాక మంచం మీద దుప్పటి తీసేసి నక్షాలు పరిచారు. గుడ్డ అతికించిన పాత గ్రామ నక్షా జిరాక్సులు, టోపోషీట్లు (సర్వే ఆఫ్ ఇండియా పటాలు), రిజిస్టర్ల నకళ్లు. అత్తయ్య గుమ్మంలో నించుని "మంచం ఖాళీ అయ్యేది రేపేనా?" అంది.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంతవరకు ఇది. 1802లో శాశ్వత శిస్తు పద్ధతి వచ్చాక జమీందారు సర్కారుకి ఏటా కట్టాల్సిన పేష్కష్ కడితే చాలు, లోపల ఏ పొలం ఎంతో కొలిచే అవసరం లేదు. ఉత్తరాంధ్రలో ఎక్కువ భాగం జమీందారీలే కాబట్టి, 1948 ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాకే చాలా ఊళ్లకి చేను చేనుకీ నంబరు పడింది. అప్పుడు తయారైందే సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్. ఎస్‌ఎఫ్‌ఏ అంటే ఇక్కడ రైతులందరికీ తెలుసు, తగువు ఏదైనా చివరికి అక్కడికే వస్తుంది. అందులో ప్రతి నంబరు పక్కనా ఒక మాట ఉంటుంది: జిరాయితీ (రైతు సొంత సాగు భూమి), ఇనాం (దానంగా ఇచ్చిన భూమి), గెడ్డ పోరంబోకు (వాగు కింద సర్కారు భూమి), చెరువు, శ్మశానం, గ్రామకంఠం.

ఈ ఆఖరి మాట దగ్గరే మావయ్య వేలు ఆగింది. గ్రామకంఠం అంటే ఇళ్లుండే చోటు. దానికి మొత్తంగా ఒకే నంబరు ఇచ్చి లోపల ఏ ఇల్లు ఎంతో కొలవకుండా వదిలేసేవారు. 2020లో స్వామిత్వ పథకం వచ్చాక గానీ ఆ లోపలి ఇళ్లకి కొలతలు పడడం మొదలవలేదు. అయితే నాకు పనికొచ్చేది దీనికి తిరగబడిన సంగతి. రిజిస్టర్లో గ్రామకంఠం అని ఉండి, వెళ్లి చూస్తే ఒక్క ఇల్లూ లేకపోతే, అక్కడ ఒకప్పుడు ఊరున్నట్టు. ఊరు లేచిపోయినా రెవెన్యూ గ్రామం లేచిపోదు. దాని పేరు, సరిహద్దు, నంబర్లు అన్నీ అలాగే ఉంటాయి. శిస్తు కట్టేది భూమి కదా, మనుషులు ఉన్నారా లేరా అన్నది కాగితానికి అక్కర్లేదు. జనాభా లెక్కల పుస్తకంలో కూడా ఆ పేరు ఉంటుంది, ఎదురుగా జనం లేని గ్రామం అని రాసి.

సరిగ్గా ఇందుకు విరుద్ధంగా, నూట యాభై కుటుంబాలున్న శివారు పల్లె పేరు ఆ పుస్తకంలో ఎక్కడా కనిపించదు. లెక్క రెవెన్యూ గ్రామానిది. శివారు జనం అంతా ఆ మొత్తంలో కలిసిపోతారు. మనుషుల్లేని ఊరికి పేరుంటుంది, మనుషులున్న ఊరికి ఉండదు. ఇంతకంటే విడ్డూరం నాకు ఈ మధ్య కనబడలేదు.

ఇంకో చిక్కు, కాగితాలు ఎక్కడున్నాయన్నది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిపోయేదాకా శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట వైపు ఊళ్లన్నీ గంజాం జిల్లా కింద ఉండేవి. తరవాత విశాఖపట్నం జిల్లా. 1950 ఆగస్టు 15 నుంచి శ్రీకాకుళం జిల్లా. అందులోంచి కొన్ని ఊళ్లు 1979 జూన్‌లో విజయనగరం జిల్లాలోకి, 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యంలోకి పోయాయి. ఊరు అంగుళం కదలకపోయినా దాని ఫైలు మాత్రం జిల్లాలు మారుతూ పోయింది. ఒక్కో మార్పులో ఒక్కో కట్ట ఎక్కడో ఆగిపోయింది. ఒక ఆఫీసులో పాత రిజిస్టరు చూడాలని అడిగితే "ఏ జిల్లాది కావాలి?" అన్నారు. ఎగతాళికేమో అనుకున్నాను, కాదు, సీరియస్‌గానే అడిగారు.

సాయంత్రం మావయ్య 65 ఎన్/15 టోపోషీటు తీశారు. శ్రీకాకుళం పట్టణం ఉన్న షీటు అదే. సర్వే ఆఫ్ ఇండియా గుర్తుల్లో జనం ఉన్న ఊరికి ఒక గుర్తు, విడిచిపెట్టిన ఊరికి ఇంకో గుర్తు. నాగావళి వంపులో విడిచిన ఊరి గుర్తు ఒకటి పెన్సిలుతో చుట్టి ఉంది, ఆయన ఉద్యోగంలో ఉన్నప్పుడు చుట్టింది. "ఇది చూడాలని అప్పట్నించీ ఉంది. టైమే కుదర్లేదు" అన్నారు.

ఆదివారం, నాగావళి ఒడ్డు

ఆ ఊరి పేరు రాయను. ఆ గ్రామకంఠం ఎవరిదని కోర్టులో కేసు నడుస్తోంది, పేరు బయటికి రానివ్వనని మావయ్యకి మాటిచ్చాను.

ఆమదాలవలస దాటాక మెయిన్ రోడ్డు వదిలి ఏటి వైపు తిరిగాం. సంక్రాంతి వెళ్లిన రోజులు. వరి కోతలై కుప్పలు నూర్చేశారు, మళ్లల్లో అపరాలు మోకాలెత్తు లేచాయి. కిందటి రాత్రి టోపోషీటుని ఫోన్లోని శాటిలైట్ బొమ్మ మీద పరిచి పెట్టుకున్నాను. పాత షీట్లు భూమి ఆకారానికి ఎవరెస్ట్ అనే పాత లెక్క మీద గీసినవి, ఫోన్ జీపీఎస్ నడిచేది డబ్ల్యూజీఎస్ 84 అనే కొత్త లెక్క మీద. రెండింటినీ సరిపెట్టకుండా నడిస్తే చుక్క పక్కవాళ్ల చేలోకి జరుగుతుంది. మావయ్య ఈ గొడవేదీ పెట్టుకోలేదు. మూడు ఊళ్ల సరిహద్దులు కలిసే రాయి ఎక్కడుండాలో ఎఫ్‌ఎంబీలో, అంటే చేల కొలతల పుస్తకంలో చూసి, తుప్పల్లో కర్రతో పొడుచుకుంటూ దాన్ని పట్టుకున్నారు. అక్కణ్నించి అడుగులేశారు. ఫోను నీలం చుక్క, మావయ్య ఇద్దరూ దాదాపు ఒకే చోట ఆగారు.

మొదట కనిపించింది ఎత్తు. చుట్టూ పల్లపు మళ్లు, మధ్యలో మనిషి నడుమంత లేచిన దిబ్బ. మట్టిగోడల ఇళ్లు ఏళ్ల తరబడి వానకి కరిగి, ఒకదాని మీద ఒకటి కూర్చుంటే అయ్యే పాటిదిబ్బ. రైతులకి పాటిమట్టి అంటే ఎరువు, అందుకే దిబ్బకి ఒక పక్క బళ్లకొద్దీ తవ్వుకుపోయారు. ఆ కోసిన గోడలో పొరలు విడివిడిగా కనిపిస్తున్నాయి. అడుగున ఏటి ఇసక. దాని మీద బూడిద రంగు మన్ను, అందులో కుండ పెంకులు, బొగ్గు ముక్కలు, విరిగిన గాజు ఒకటి. మళ్లీ బెత్తెడు మందాన తెల్లటి ఇసక. దానిపైన ఇంకో పొర మన్ను, ఈసారి పెంకులతో పాటు వేలెడు పొడుగు సున్నం గచ్చు ముక్క. అన్నిటికంటే పైన గడ్డి.

మావయ్య ఆ మధ్యలో ఉన్న ఇసక పొర మీద చెయ్యి పెట్టి "వరద వచ్చింది. వచ్చాక మళ్లీ కట్టుకున్నారు. పోయింది ఆ వరదకి కాదు" అన్నారు. నేను ఫొటో తీశాను. ఆయన తన పాత డైరీలో పొర పొరకీ మందం రాసుకున్నారు, అంగుళాల్లో.

దిబ్బకి తూర్పున చింతచెట్లు, రాతికట్టు నుయ్యి. నూతిలో ముళ్లకంప వేసేశారు గానీ ఒరిపిడి పడ్డ రాయి అలాగే ఉంది, చేద తాళ్లు జారి జారి అంచు మీద గాడులు పడ్డాయి. ఒక గాడిలో నా చిటికెన వేలు మొత్తం పట్టింది. ఉత్తరం వైపు అసిరితల్లి. గుడి అంటే గుడి కాదు, పసుపు పూసిన రాయి, పైన కొత్త రేకుల షెడ్డు, షెడ్డు స్తంభానికి దాతల పేర్లు. ఊరే లేనప్పుడు దాతలెవరు?

ఏటి అవతల ఊరివాళ్లు. మేకలు తోలుకొచ్చిన ముసలమ్మ మమ్మల్ని చూసి ముందు "ఎవుల తాలూకు మీరు? కేసు తాలూకేటి?" అంది. మావయ్య ఇంటిపేరు చెప్పి, వాళ్ల ఊళ్లో తనకి తెలిసినవాళ్ల పేర్లు చెప్పాక కాస్త నమ్మింది.

"మా అత్తోరి అత్త ఈడ పుట్టినాదట. అమ్మోరు సోకి ఇంటికిద్దరు పోతే, మిగిలినోలు ఏరు దాటీసినారు. దాటినారు గానీ తల్లిని ఒగ్గీలేం కదమ్మా. ఏటేటా సంబరానికి ముర్రాటలు ఎత్తుకోని ఇక్కడికే వస్తాం." ముర్రాటలంటే అమ్మవారికి తెచ్చే పసుపునీళ్ల కుండలు.

ఆమె కొడుకు తరవాత వచ్చాడు. అతని మాట వేరు. అమ్మవారూ లేదు ఏమీ లేదు, ఇనాందారు శిస్తు పీడ పడలేక లేచిపోయారన్నాడు. టీ కొట్టు దగ్గర మూడో కథ: దొంగలు. నాకైతే ముసలమ్మ మాటే దగ్గరగా అనిపించింది, ఎందుకంటే ఆమె ఇంటికిద్దరు అని లెక్క చెప్పింది. పుకారుకి లెక్క ఉండదు. రికార్డులో మాత్రం కారణం రాసే గడే లేదు. మనుషులు వెళ్లారన్నది తెలియడానికి జనాభా దగ్గర సున్న ఒక్కటే దిక్కు.

ఒకటి మటుకు గమనించాను. నక్షాలో ఈ దిబ్బ నుంచి ఏటి రేవుకి బండిబాట చుక్కల గీత ఉంది. ఇప్పుడు ఆ బాట మీద అపరాలు వేశారు. కానీ సంబరం నాడు జనం చేలకి అడ్డం పడి ఆ గీత మీదుగానే నడిచి వస్తారట, చేను గలవాళ్లు కూడా ఆ మేరకి విత్తడం మానేశారట. ముసలమ్మ కొడుకు చూపించాక చూస్తే పచ్చటి చేలో సన్నటి ఖాళీ చార. మావయ్య దాన్ని నక్షాతో సరిచూసి, ఏమీ అనకుండా, తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు.

సోమవారం, కళింగపట్నం

మావయ్యకి మోకాళ్లు పట్టేశాయి, ఈరోజు నుంచి ఒక్కదాన్నే. సింగుపురం మీదుగా గార వైపు బస్సు.

వంశధార సముద్రంలో కలిసే చోట రేవు. ఇంగ్లీషు వాళ్లు కళింగపటాం అని రాసుకున్నారు. ఓడలు ఒడ్డుకి దూరంగా లంగరేస్తే సరుకుని పడవల మీద మోసేవారు. రైలు లోపలి నుంచి పోవడంతో ఎగుమతులు పల్చబడ్డాయి, 1933లో విశాఖ హార్బరు తెరిచాక ఇంక అడిగే నాథుడు లేడు. లైట్‌హౌస్ ఉంది, దర్గా ఉంది, మిగిలిన పాత కట్టడాల్లో కొన్నింటి మీద రావిచెట్లున్నాయి. కస్టమ్స్ గుమాస్తాలు, దుబాసీలు, గోదాముల కాపలావాళ్లు, సరుకు మోసిన కళాసీల కుటుంబాలు ఎటు పోయాయో అడుగుదామని వచ్చాను.

ఎటూ పోని వాళ్లు మత్స్యకారులు. కానీ వాళ్ల ఊళ్లలోనూ ఇప్పుడు మగవాళ్లు తక్కువ. గుజరాత్‌లోని వెరావల్ బోట్లలో పనికి వెళ్తారు, నెలల తరబడి రారు. 2018 నవంబర్లో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు ఇరవై మంది అలా వెళ్లే పాకిస్తాన్ చేతికి చిక్కి, 2020 జనవరిలో ఇల్లు చేరారు. వలలు బాగుచేసుకుంటున్న ఒకాయన్ని పాత రేవు గురించి అడిగితే, "రేవు సంగతి అడగడానికి వస్తారు, జెట్టీ సంగతి అడగరేటి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. రేవు కథ కంటే ఆయన ప్రశ్నే పెద్దది.

సాయంత్రం శాలిహుండం కొండెక్కాను. గిడుగు రామమూర్తి పంతులు 1919లో ఈ బౌద్ధ శిథిలాల్ని లోకానికి చూపించారు. స్తూపాలు, చైత్యాలు, విహారాలు, అన్నీ వంశధార వైపు చూస్తున్నట్టు కట్టారు. భిక్షువులకి బియ్యం ఎవరు పండించారన్నది మాత్రం కొండ మీద బోర్డులో లేదు. చీకటి పడేలోగా ఆఖరి ఆటో అందుకోవాలన్న టెన్షన్‌లో సగమే చూసి దిగిపోయాను.

మంగళవారం, మందస

హరిపురం జంక్షన్లో దిగి మందస చేరి, అక్కడ కోవా కొనుక్కుని (ఇక్కడికొచ్చి కొనకుండా వెళ్లడం తప్పు), ఒక టీచరు గారి బైకు వెనక కొండల్లోకి. వాయవ్యాన మహేంద్రగిరి. 1,501 మీటర్ల ఆ శిఖరం ఒడిశాలో ఉంది, దాని నీడ మాత్రం ఇటు పడుతుంది. జీడితోటలు దాటాక సిమెంటు రోడ్డు ఆగిపోయింది, మిగతాది నడక.

ఈ సవర గిరిజనుల గూడెం నా దగ్గరున్న ఏ కాగితంలోనూ లేదు. పాత టోపోషీటులో అదే పేరుతో గుడిసెల గుర్తు ఉంది గానీ కొండ మీద, ఇప్పుడున్న చోటికి బాగా పైన. అడవి కొట్టి పోడు సాగు చేసే కాలంలో గూడేలు కదిలేవి, కొన్ని చీలేవి, పెద్దమనిషి పేరుతో పిలవబడేవి. సర్వేయరు వచ్చిన ఏడు ఎక్కడుంటే అక్కడ చుక్క పెట్టి వెళ్లాడు. గిడుగు వారు సవర భాష నేర్చుకుని 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చు వేయించారు. ఆ భాష మాట్లాడే గూడేలకి మాత్రం మ్యాపులో దిక్కు లేదు.

నడుం వంగిన ముసలాయన, పేరు అక్కర్లేదు, పాత చోటు చూపిస్తానని ముందు నడిచాడు. నేనూ టీచరు గారూ రొప్పుతుంటే ఆయన బీడీ కాల్చుకుంటూ ఎక్కాడు. పైన ఇళ్లేమీ లేవు, పనసచెట్లు రెండు వరసల్లో ఉన్నాయి. అడవి పనస వరసలో మొలవదు. మధ్యలో పొయ్యిరాళ్లు, మూడు మూడు చొప్పున, నేలలో సగం కూరుకుపోయి. ఇంకా పైన నిలువు రాళ్లు పాతిన చోటు. అక్కడికి మాత్రం ఆయన దూరంగానే ఆగి మమ్మల్నీ ఆపేశాడు. చనిపోయినవాళ్ల రాళ్లవి. ఒక్కో రాయినీ చూపిస్తూ సవరలో పేర్లు చెప్పుకుంటూ పోయాడు, టీచరు గారు రాసుకున్నారు. వాళ్ల తాత, తాత అన్న, ఆ అన్న భార్య. ఎస్‌ఎఫ్‌ఏ కంటే ఇదే నయం అనిపించింది నాకు. ఇందులో మనుషులున్నారు.

దీనికి చట్టంలోనూ విలువ ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద 2008 జనవరి 1న వచ్చిన నిబంధనల్లో, హక్కు రుజువు చేసుకోవడానికి ఏమేం పనికొస్తాయో 13వ నిబంధన చెబుతుంది. సర్కారు మ్యాపులు, రికార్డులతో పాటు పాత బావులు, శ్మశానాలు, పవిత్ర స్థలాలు, హక్కు అడిగే మనిషి కాక వేరే పెద్దలు చెప్పగా రాసుకున్న వాంగ్మూలం. అంటే ఆ నిలువు రాళ్లు, ఈ ముసలాయన నోటి మాట, రెండూ సాక్ష్యమే. గూడెంలో కుర్రాళ్లకి ఇది తెలుసు. నన్ను రానిచ్చింది కూడా అందుకే, నా దగ్గర పాత టోపోషీటు ప్రింటు ఉందని టీచరు గారు ముందే చెప్పారు.

దిగి వచ్చేసరికి చోడి (రాగి) అంబలి పెట్టారు, పచ్చిమిరపకాయ నంజుకోడానికి. ప్రింటు తీసి అరుగు మీద పరిచాను. ఇంటర్ చదివే పిల్ల ఒకతె ఫోన్లో గుర్తులు పెడుతోంది: పనసల వరస, పొయ్యిరాళ్లు, నీటి ఊట. నిలువు రాళ్ల దగ్గర గుర్తు పెట్టబోతే ముసలాయన వద్దన్నాడు. పెట్టకపోతే దరఖాస్తుకి ఎలాగని పిల్ల. పెడితే ఎవడుపడితే వాడు చెప్పులేసుకుని వస్తాడని ఆయన. అటూ ఇటూ అయ్యాక కాగితం మీద రాయడానికి ఒప్పుకున్నాడు, ఫోన్లో మాత్రం వద్దన్నాడు.

ఆ తరవాత పేరు దగ్గర వచ్చింది అసలు తగువు. దరఖాస్తులో గూడెం పేరేం రాయాలి? టోపోషీటులో ఉన్నది కొండ మీది పాత పేరు, అది రాస్తేనే పాత రికార్డుతో కలుస్తుందని టీచరు గారు. రేషన్ కార్డుల్లో వేరే పేరుంది, అది మారిస్తే బియ్యం ఆగిపోతాయని ఆడవాళ్లు. రెండూ రాసి మధ్యలో గీత పెట్టమని నేనన్నాను. ఆన్‌లైన్ ఫారంలో పేరు గడి అంత పొడుగు తీసుకోదంది పిల్ల. గ్రామసభ పెట్టుకున్నాక తేలుద్దామని లేచారు. ప్రింటు ఇక్కడే వదిలెయ్యమన్నారు, సరేనన్నాను. వానకి తడిసిపోకుండా లామినేషన్ చేయించాలి, పలాసలో చేస్తారు, బస్సు చార్జీతో కలిపి ఎవరు పెట్టుకోవాలన్న దాని మీద మళ్లీ మొదలైంది.